చెడార్‌ను కరిగించి ఇంట్లోనే ప్రాసెస్డ్ చీజ్

చెడార్ అనే గట్టి చీజ్ ముక్కను పెనం మీద సన్నమంటకు పెట్టండి. కాసేపటికి నూనె తేలి, కింద రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. అదే పెనం మీద ప్రాసెస్డ్ చీజ్ స్లైసు నూనె వదలకుండా మెత్తగా జారుతుంది.

చీజ్ అంటే పాలు, తోడు, రెన్నెట్, ఉప్పు, అంతే. తోడు పాలను పులియబెడుతుంది, రెన్నెట్ అనే ఎంజైమ్ గడ్డ కట్టిస్తుంది. తేట తీసేసి, గడ్డను నొక్కి మాగబెడతారు. కిలో చెడార్‌కు సుమారు 10 లీటర్ల పాలు పడతాయి. పనీర్ దారి వేరు. అది కాగిన పాలను పులుపుతో విరిచింది, అందుకే కూరలో ఎంత ఉడికినా కరగదు.

చెడార్‌లో కేసిన్ అనే పాల ప్రొటీన్‌ను అతికించి ఉంచేది కాల్షియం. ఎక్కువ వేడి తగిలితే కేసిన్ బిగుసుకుని కొవ్వును బయటికి నెట్టేస్తుంది. ప్రాసెస్డ్ చీజ్‌లో వేసే సోడియం సిట్రేట్ అనే లవణం ఆ కాల్షియాన్ని లాగేసుకుంటుంది. అప్పుడు కేసిన్ వదులై కొవ్వు బొట్లను చుట్టుకుని పట్టి ఉంచుతుంది. 1911లో స్విట్జర్లాండ్‌లోని థూన్‌లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ ఎమెంటల్ చీజ్‌ను సిట్రేట్‌తోనే కరిగించారు.

సిట్రేట్ కొననక్కర్లేదు. 4 గ్రాముల నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్), 4.8 గ్రాముల వంటసోడా పెద్ద గిన్నెలో వేసి 50 మి.లీ. వేడినీళ్లు కొద్దికొద్దిగా పోయండి. బుసబుసా పొంగుతుంది. పొంగు పూర్తిగా ఆగి నీళ్లు తేటపడేదాకా ఆగాలి. ఇక్కడ చెంచా లెక్క పనికిరాదు, 0.1 గ్రాము చూపే కాటా కావాలి. సోడా ఎక్కువైతే సబ్బు రుచి, నిమ్మఉప్పు ఎక్కువైతే పలుకులు.

ఆ నీళ్లను సన్నమంట మీద పెట్టి, తురిమిన 200 గ్రాముల చెడార్‌ను గుప్పెడు గుప్పెడుగా వేస్తూ కలపండి. ముందే తురిమిన ప్యాకెట్ వద్దు, అతుక్కోకుండా అందులో పిండిపదార్థం చల్లుతారు. మొదట ముద్దముద్దగా, చెడిపోయిందేమో అనిపించేలా ఉంటుంది. 75–80 డిగ్రీల దగ్గర 3–4 నిమిషాలు కలిపితే నిగనిగలాడుతూ గరిటె నుంచి జారుతుంది. ఉడుకు పట్టనివ్వకండి. నూనె తేలితే చెంచాడు వేడినీళ్లు పోసి గట్టిగా చిలకండి, చాలాసార్లు కలిసిపోతుంది. బాగా మాగిన చీజ్ ఒక్కటే వాడితే ఇసుకలా తగులుతుంది, సగం లేత చీజ్ కలపండి. ఉప్పు వేయకండి, చెడార్‌లో ఉన్నదే చాలు.

నూనె రాసిన స్టీలు డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో 4 గంటలు ఉంచితే కోసుకోవచ్చు. నీళ్లు 100 మి.లీ. చేస్తే బ్రెడ్ మీద రాసుకునే స్ప్రెడ్ అవుతుంది. వారంలోపు వాడేయండి. ఫ్యాక్టరీలో వేడివేడిగానే ప్యాక్ చేసి సీలు వేస్తారు కాబట్టి వాళ్లది నెలలు ఆగుతుంది.

కొట్లో కొనేటప్పుడు ప్యాకెట్ వెనకవైపు చూడండి. ఆహారంలో కలిపే పదార్థాలకు ఐఎన్ఎస్ నంబర్లు ఉంటాయి. ఐఎన్ఎస్ 331 అంటే సిట్రేట్లు, 339, 452 అంటే ఫాస్ఫేట్లు. ఇవి ఉంటే ప్రాసెస్డ్ చీజ్, అందులో తప్పేమీ లేదు. పామాయిల్ లాంటి నూనె కనిపిస్తే మాత్రం అది చీజ్ అనలాగ్, పాల కొవ్వు స్థానంలో నూనె చేరిన సరుకు.