చలికి విచ్చుకోని గ్లాడియోలస్ మొగ్గలకు

డిసెంబరు చలిలో గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి గ్లాడియోలస్ కట్ట తెస్తే, కింది రెండు పూలు విచ్చుకుని పై మొగ్గలు ముడుచుకునే వాడిపోయేవి. ఈసారి లీటరు గోరువెచ్చని నీళ్లలో నాలుగు చిన్న చెంచాల పంచదార, అర నిమ్మచెక్క రసం కలిపాను. కాడ చివర అంగుళం మేర, నీళ్లలో ముంచి ఉంచే ఏటవాలుగా కోయాలి. కొసనున్న గోరంత మొగ్గలు నాలుగైదు తుంచేయాలి. మనసొప్పదు గానీ, కింది మొగ్గలకు బలం అందేది అప్పుడే. కిటికీ గాలికి దూరంగా, వెలుతురున్న మూల పెట్టాను. మూడో రోజుకి నడిమి మొగ్గలు ఒక్కొక్కటీ రేకు విప్పాయి.

నీళ్లు రోజు విడిచి రోజు మార్చండి, లేదంటే జిగురు పట్టి కంపు కొడతాయి. ఒక్క మొగ్గలోనూ రంగు తొంగిచూడని పచ్చి కాడలు మాత్రం కొనకండి, అవి ఏం చేసినా సరిగా విచ్చుకోవు.