కంప్యూటర్‌లో ముందునుంచే ఉండి మనం వాడని కమాండ్లు, రెండు మూడు టూల్స్

ఒకే పని మూడోసారి చేత్తో చేస్తున్నానంటే నాకు డౌటొచ్చేస్తుంది, దీనికి ఎవరో ఎప్పుడో ఒక కమాండ్ రాసి పడేసే ఉంటారు అని, వెతికితే చాలాసార్లు దొరుకుతుంది కూడా. ఇవన్నీ విండోస్ వాళ్ల కోసం. కమాండ్లు పలికేటట్టు తెలుగులో రాస్తున్నా, మీరు మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే టైప్ చెయ్యాలి.

ముందు నాకు బాగా పనికొచ్చింది చెప్తా. ఒక ఫోల్డర్‌లో రెండొందల ఫైళ్లున్నాయి, వాటి పేర్లన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించాలి. నేను ఒక్కో ఫైల్ మీద ఎఫ్2 కొట్టి, పేరు కాపీ చేసి, పేస్ట్ చేసి, అలా పూటంతా కూర్చున్న మనిషినే. అంత అక్కర్లేదు. ఆ ఫోల్డర్ ఓపెన్ చేసి పైన అడ్రస్ బార్‌లో ఉన్నదంతా చెరిపేసి సిఎండి అని మూడక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి, కమాండ్లు కొట్టే నల్ల విండో నేరుగా ఆ ఫోల్డర్‌లోనే తెరుచుకుంటుంది. అందులో డిర్, స్పేస్, స్లాష్ బి, ఆ తర్వాత నిలువు గీత (బ్యాక్‌స్లాష్ కీ మీద షిఫ్ట్‌తో వచ్చేది), తర్వాత క్లిప్, ఎంటర్. స్క్రీన్ మీద ఏమీ కనపడదు, కంగారు పడకండి, లిస్ట్ మొత్తం క్లిప్‌బోర్డ్‌లోకి వెళ్లిపోయింది, ఎక్సెల్‌లో కంట్రోల్ వి కొడితే వరసగా దిగిపోతుంది. ఒక్క చిక్కుంది, ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటే అక్షరాల బదులు ప్రశ్న గుర్తులొస్తాయి. అప్పుడు ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి షిఫ్ట్ నొక్కిపట్టి రైట్ క్లిక్ చేస్తే కాపీ యాజ్ పాత్ అని ఉంటుంది, అది వాడండి, పేరు ముందు ఫోల్డర్ అడ్రస్ కూడా వస్తుంది గానీ అది ఎక్సెల్‌లో తీసేసుకోవచ్చు.

రెండోది రోబోకాపీ. పెద్ద ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకో హార్డ్ డిస్క్‌లోకో కాపీ పెడితే సగంలో ఆగిపోయి మళ్లీ మొదట్నుంచి చెయ్యాల్సొచ్చిందా? విస్టా కాలం నుంచీ ఇది విండోస్‌లోనే ఉంది. అదే నల్ల విండోలో రోబోకాపీ అని కొట్టి, ముందు ఎక్కణ్ణుంచి, తర్వాత ఎక్కడికి, చివర స్లాష్ ఈ, స్లాష్ జెడ్. ఈ అంటే లోపలి ఫోల్డర్లతో సహా, జెడ్ అంటే మధ్యలో తెగితే ఆగిన చోటునుంచి మళ్లీ మొదలెట్టేలాగ. ఫోల్డర్ పేరులో స్పేస్ ఉంటే అడ్రస్‌ని కోట్స్‌లో పెట్టాలి.

దీంట్లో స్లాష్ ఎంఐఆర్ అని ఇంకోటుంది, రెండు ఫోల్డర్లనీ అచ్చు ఒకేలా చేసేస్తుంది, అంటే మొదటి దాంట్లో లేని ఫైళ్లు రెండోదాంట్లో ఉంటే చెప్పాపెట్టకుండా లేపేస్తుంది. నేను ఒకసారి రెండు అడ్రస్‌లూ తారుమారు చేసి ఎంటర్ కొట్టా, ఖాళీ డ్రైవ్‌ని చూసి నిండు ఫోల్డర్‌ని ఖాళీ చేసేసింది పాపం, చెప్పిన పని చెప్పినట్టు చేసింది, రీసైకిల్ బిన్‌లో కూడా ఏమీ లేదు. అప్పట్నుంచి ఏ రోబోకాపీ అయినా ముందు చివర స్లాష్ ఎల్ పెట్టి కొడతా, అది ఏం కాపీ చేస్తుందో ఏం తీసేస్తుందో లిస్ట్ మాత్రం చూపిస్తుంది, ఫైళ్లని ముట్టుకోదు. చూసుకుని సరిగ్గా ఉంటే ఎల్ తీసేసి మళ్లీ కొట్టడమే.

ల్యాప్‌టాప్ బ్యాటరీ త్వరగా అయిపోతోంది అనుకునేవాళ్లు నల్ల విండోలోనే పవర్‌సిఎఫ్‌జి అని కలిపి రాసి, స్పేస్, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ (ఇదీ కలిపే) కొట్టండి. ఒక ఫైల్ తయారుచేసి ఎక్కడ పెట్టిందో కిందే చెప్తుంది, బ్రౌజర్‌లో ఓపెన్ చేసి డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అనే రెండు లైన్లు చూడండి చాలు. మొదటిది 50,000 ఉండి రెండోది 30,000 ఉందనుకోండి, బ్యాటరీలో 40 శాతం అరిగిపోయినట్టే, సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టి లాభం లేదు.

విండోస్ కీ ప్లస్ వి తెలుసా? ముందు కాపీ చేసినవి కూడా లిస్ట్‌గా చూపిస్తుంది, 25 దాకా గుర్తుపెట్టుకుంటుంది, మొదటిసారి ఆన్ చెయ్యమంటుంది అంతే. కాపీ చేసిన పాస్‌వర్డ్‌లు కూడా అందులోనే కనపడొచ్చు, నలుగురు వాడే కంప్యూటర్‌లో ఆన్ చెయ్యకపోతేనే మంచిది.

ఏ కమాండ్ ఏం చేస్తుందో తెలీకపోతే దాని పక్కన స్పేస్ ఇచ్చి స్లాష్, ప్రశ్న గుర్తు కొట్టండి, చాలా వాటికి మొత్తం వివరం వస్తుంది. ఉట్టి హెల్ప్ అని కొడితే కమాండ్ల లిస్టే వస్తుంది, నాకు సగం అలా దొరికినవే.

ఇక బయటి టూల్స్‌లో ఎవ్రీథింగ్ ఒక్కటి వేసుకోండి, ఫ్రీ. విండోస్ సెర్చ్ గిర్రున తిరుగుతూ ఉండగానే ఇది టైప్ చేస్తుండగా ఫైల్ చూపించేస్తుంది, ఎందుకంటే ఫోల్డర్ ఫోల్డర్‌కీ వెళ్లి వెతకదు, డిస్క్ తన దగ్గర రాసుకునే ఫైళ్ల పట్టికనే చదువుకుంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్ కూడా ఫ్రీనే, అందులో వందల ఫోటోల పేర్లు ఒకేసారి మార్చే పవర్‌రీనేమ్ కోసమైనా వేసుకోవచ్చు.

పాత సాఫ్ట్‌వేర్లు ఒక్కోటీ అప్‌డేట్ చేసే ఓపిక లేకపోతే మళ్లీ ఆ నల్ల విండోలోనే వింగెట్ అప్‌గ్రేడ్ కొట్టండి, దేనికి కొత్తది వచ్చిందో చూపిస్తుంది, చివర స్పేస్ ఇచ్చి రెండు అడ్డగీతలు (హైఫెన్లు), వాటికి ఆనించి ఆల్ అంటే తనకి తెలిసినవన్నీ వరసగా వేసేస్తుంది. మధ్యలో పర్మిషన్ అడుగుతూ ఉంటుంది, కాబట్టి పెట్టేసి టీకి వెళ్లిపోకండి.