కుశాదసిలో ఓడ దిగి ఎఫెసస్ చూడబోయేవారికి జాగ్రత్తలు

ఏజియన్ సముద్రంలో తిరిగే క్రూయిజ్ ఓడల్లో చాలా వాటికి టర్కీ పడమటి తీరంలోని కుశాదసి రేవు ఒక మజిలీ. ఓడ అక్కడ సాధారణంగా ఒక్క పగలే ఆగుతుంది. దిగినవారిలో ఎక్కువమంది ఇరవై కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న ఎఫెసస్ శిథిల నగరానికే బయలుదేరుతారు. ఓడ సంస్థ నడిపే బస్సు యాత్రలో పెద్ద గుంపుతో కలిసి పరుగులు తీయడం కంటే సొంతంగా ఒక గైడును, వాహనాన్ని మాట్లాడుకుంటే మన నడకకూ మన ఆసక్తికీ తగినట్టు చూడవచ్చు. ఖర్చును నలుగురైదుగురు పంచుకుంటే భారం కూడా తగ్గుతుంది. అయితే ఓడ సంస్థ యాత్రలో ఉన్నవారు ఆలస్యమైతే వారి కోసం ఓడను ఆపడమో, వారిని తరువాతి రేవుకు చేర్చడమో ఆ సంస్థే చూసుకుంటుంది. ప్రైవేటు యాత్రలో ఉన్నవారి కోసం ఓడ ఆగదు. ఇక్కడ చెప్పబోయే జాగ్రత్తల్లో సగానికి పైగా ఈ ఒక్క విషయం నుండి పుట్టినవే.

ముందుగా ఓడ ఏ రేవులో ఆగుతుందో సరిగా చూసుకోవాలి. ప్రయాణ పట్టికలో ఎఫెసస్ అని రాసి ఉన్నా, ఎఫెసస్‌కు ఇప్పుడు రేవు లేదు. ప్రాచీన కాలంలో ఓడలు నగరం దాకా వచ్చేవి. కైస్ట్రోస్ నది మోసుకొచ్చిన ఒండ్రు శతాబ్దాల తరబడి పేరుకొని సముద్రాన్ని కొన్ని కిలోమీటర్ల అవతలికి నెట్టివేసింది. నేటి ఓడలు ఎక్కువగా కుశాదసిలో ఆగుతాయి, కొన్ని ఇజ్మీర్‌లో ఆగుతాయి. కుశాదసి నుండి ఎఫెసస్‌కు అరగంట లోపు ప్రయాణం. ఇజ్మీర్ నుండి దాదాపు ఎనభై కిలోమీటర్లు, పైగా మహానగరపు రద్దీని దాటుకొని పోవాలి. ఒక రేవును మనసులో పెట్టుకొని వేసిన ప్రణాళిక రెండవ రేవుకు పనికిరాదు.

వీసా సంగతి కూడా ప్రయాణానికి చాలా ముందే తేల్చుకోవలసినది. క్రూయిజ్‌లో వచ్చి రేవు పట్టణాన్ని, దాని చుట్టుపక్కల ప్రాంతాన్ని చూసి 72 గంటల లోపు అదే ఓడలో వెళ్లిపోయేవారికి టర్కీ నిబంధనల్లో వీసా మినహాయింపు ఉంది. అది స్థానిక అధికారుల అనుమతికి లోబడినది. ఓడ సంస్థలు తమ సొంత నియమంగా వీసా అడగవచ్చు గనుక, టికెట్టు కొన్న నాడే ఆ సంస్థను రాతపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబును దాచుకోవాలి. చాలామంది పట్టించుకోని సంగతి మరొకటి ఉంది. గ్రీసులో ఓడ ఎక్కి కుశాదసికి వచ్చి మళ్లీ గ్రీసు దీవులకు వెళ్లే ప్రయాణికుడు షెంగెన్ ప్రాంతాన్ని (ఉమ్మడి వీసా ఉన్న ఐరోపా దేశాల ప్రాంతాన్ని) వదిలి తిరిగి అందులో ప్రవేశిస్తున్నట్టే లెక్క. షెంగెన్ వీసా అవసరమైనవారు ఒకే ప్రవేశానికి చెల్లే వీసాతో బయలుదేరితే చిక్కు ఎఫెసస్‌లో రాదు, ఆ మరుసటి రేవులో వస్తుంది.

గైడును ఎంచుకునేటప్పుడు చూడవలసిన మొదటి అంశం లైసెన్సు. టర్కీలో గైడు వృత్తిని 2012లో వచ్చిన 6326వ నంబరు చట్టం నియంత్రిస్తుంది. సాంస్కృతిక, పర్యాటక మంత్రిత్వ శాఖ గుర్తింపు ఉన్నవారే గైడుగా పనిచేయాలి, పనిలో ఉన్నంతసేపూ ఫొటో ఉన్న గుర్తింపు కార్డును మెడలో వేసుకోవాలి. రేవు గేటు దగ్గర తక్కువ ధరకు అన్నీ చూపిస్తానని ముందుకు వచ్చే డ్రైవరుకు ఆ కార్డు ఉండకపోతే, అతడు శిథిలాల గేటు వరకే మనతో ఉంటాడు. లోపల మనం ఒంటరివాళ్లమే. ప్రయాణ ఏజెన్సీ ద్వారా బుక్ చేస్తే ఆ ఏజెన్సీకి ట్యూర్సాబ్ అనే ఏజెన్సీల సంఘంలో సభ్యత్వ సంఖ్య ఉందో లేదో చూడాలి.

ఒప్పందాన్ని మాటల మీద వదిలేయకూడదు. ప్రవేశ టికెట్లు ధరలో కలిసి ఉన్నాయా, టెర్రస్ ఇళ్ల (శిథిలాల్లోని ప్రాచీన ధనికుల ఇళ్ల) ప్రవేశం కూడా అందులో చేరిందా, గైడూ డ్రైవరూ వేర్వేరు మనుషులా, వాహనం ఎన్ని గంటలు మన దగ్గర ఉంటుంది అన్నవి సందేశంలో రాసి తెప్పించుకోవాలి. సముద్రం బాగాలేక ఓడ రేవుకు రాకుండా వెళ్లిపోతే సొమ్ము ఏమవుతుందో కూడా అందులోనే ఉండాలి. పేరున్న ఏజెన్సీలు ఇటువంటి సందర్భంలో ఏమీ తీసుకోబోమని ముందే రాసి ఇస్తాయి. ఆ మాట రాయడానికి వెనుకాడేవారికి మొత్తం సొమ్ము ముందుగా పంపడం తెలివైన పని కాదు. తివాచీల దుకాణం, తోలు దుస్తుల దుకాణం, నగల దుకాణం వద్ద ఆగబోమని ఒక వాక్యం రాయించుకోవడం మరీ ముఖ్యం. ఆ దుకాణాల్లో టీ ఇచ్చి, మగ్గం చూపించి, ఒక్కొక్క తివాచీనీ పరిచే మర్యాదలో గంట సమయం తెలియకుండానే కరిగిపోతుంది. కొనాలన్న కోరిక ఉన్నవారు కుశాదసికి తిరిగి వచ్చాక రేవు పక్కనే ఉన్న బజారులో కొనుక్కోవచ్చు. అక్కడి నుండి ఓడకు నడిచి పోగలిగేంత దూరమే.

రోజు లెక్కను ఎప్పుడూ చివరి నుండి మొదటికి వేయాలి. ఓడ సాయంత్రం 5 గంటలకు కదులుతుందని పట్టికలో ఉంటే, ప్రయాణికులు ఎక్కవలసిన గడువు సాధారణంగా అంతకు అరగంట ముందే ముగుస్తుంది, కొన్ని ఓడల్లో ఇంకా ముందే. కచ్చితమైన వేళను ముందురోజు రాత్రి గదికి వచ్చే దినచర్య పత్రంలో చూడాలి. అంటే గడువు 4:30. రేవులో భద్రతా తనిఖీ, ఒకేసారి తిరిగివచ్చే బస్సుల జనం, ఓడ మెట్ల దగ్గర క్యూ ఇవన్నీ ఉంటాయి గనుక వాహనం 3 గంటలకల్లా రేవు చేరేలా చూసుకోవాలి. ఎఫెసస్ కింది గేటు నుండి 2:30కు కదలాలి. దారిలో టైరు పంక్చరైనా, ప్రమాదం వల్ల రోడ్డు మూసుకుపోయినా ఆ గంటన్నర మనల్ని కాపాడుతుంది. ఈ వేళలను పొద్దున్నే, వాహనం ఎక్కకముందే గైడుకు చెప్పి, ఆయన నోటి నుండి తిరిగి వినాలి. అనుభవజ్ఞులైన గైడులకు రోజుకో ఓడ అలవాటే అయినా, ఏ ఓడ ఎప్పుడు కదులుతుందో ఆయన గుర్తుపెట్టుకుంటాడని అనుకోవడానికి ఆధారం లేదు.

గడియారాల విషయంలో అక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. టర్కీ 2016 నుండి ఏడాది పొడవునా ఒకే సమయాన్ని పాటిస్తోంది. గ్రీసు మాత్రం అక్టోబరు చివరి ఆదివారం నాడు గడియారాన్ని గంట వెనక్కి తిప్పి, మార్చి చివరి ఆదివారం నాడు మళ్లీ ముందుకు జరుపుతుంది. వేసవిలో రెండు దేశాలకూ ఒకే సమయం, చలికాలంలో గంట తేడా. కొన్ని ఓడలు స్థానిక సమయానికి మారకుండా తమ సమయాన్నే కొనసాగిస్తాయి. దీనికి తోడు, గ్రీసుకు చెందిన సామోస్ దీవి ఆ తీరానికి ఎంత దగ్గరంటే, మధ్యనున్న జలసంధి అతి ఇరుకైన చోట రెండు కిలోమీటర్ల లోపే. తీరం వెంబడి ఉన్నప్పుడు ఫోను గ్రీసు టవరును అందుకొని గంట తేడాతో సమయం చూపే అవకాశం ఉంది. కాబట్టి చేతికి మామూలు గడియారం పెట్టుకొని, దిగేముందు ఓడలోని గడియారంతో దాన్ని సరిచేసుకోవడం మేలు. సముద్రంలో ఉన్నప్పుడు ఓడ సొంత మొబైల్ నెట్‌వర్కుకు అయ్యే ఛార్జీలు తలతిరిగేలా ఉంటాయి గనుక, రేవు చేరేవరకు ఫోన్‌ను విమానం మోడ్‌లో ఉంచాలి.

ఇక శిథిలాల సంగతి. ఎఫెసస్‌కు ఎగువన ఒకటి, దిగువన ఒకటి చొప్పున రెండు గేట్లు ఉన్నాయి. ఎగువ గేటు దగ్గర దిగి, క్యురేటీస్ వీధి మీదుగా సెల్సస్ గ్రంథాలయానికి దిగి, మహా రంగస్థలం దాటి దిగువ గేటు దగ్గర వాహనం ఎక్కడం సాధారణ క్రమం. వాలు మనకు అనుకూలంగా ఉంటుంది. వాహనం దిగువ గేటుకు వస్తుందని ముందే ఖాయపరచుకోకపోతే అదే వాలును ఎండలో ఎక్కవలసి వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి, చేతికర్ర పట్టి నడిచేవారికి ఈ క్రమం కంటే దిగువ గేటు నుండే లోపలికి వెళ్లి, దాదాపు సమతలంగా ఉండే దారిలో రంగస్థలాన్నీ గ్రంథాలయాన్నీ చూసి అదే దారిన వెనక్కి రావడం మంచిది. ఎగువ భాగం తప్పిపోయినా ఎఫెసస్‌లో కన్నులపండువైనవి రెండూ దిగువనే ఉన్నాయి.

ఇక్కడ గాయాలకు ప్రధాన కారణం పాలరాయి. కోట్ల పాదాలు నడిచి నున్నబడిన పలకలు పొడిగా ఉన్నప్పుడే జారుతాయి. చినుకు పడితే వాలు మీద నిలబడటమే కష్టం. బండి చక్రాల గాడులు, పలకల మధ్య సందులు, అకస్మాత్తుగా వచ్చే మెట్లు దీనికి అదనం. రబ్బరు అడుగున పట్టు ఉండి, మడమను కట్టి ఉంచే బూట్లు వేసుకోవాలి. చెప్పులు, నున్నని అడుగు ఉన్న సాండల్స్ వద్దు. ఫొటో తీస్తూ వెనక్కి అడుగులు వేయడం ఈ వీధిలో చాలా ప్రమాదకరమైన అలవాటు. దాదాపు 25,000 మంది పట్టే రంగస్థలంలో పై వరుసల దాకా ఎక్కాలనిపించడం సహజమే గానీ, మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఆధారం ఉండదు. మధ్య వరకు ఎక్కితే దృశ్యానికి పెద్దగా లోటు రాదు.

జూలై, ఆగస్టు నెలల్లో పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరడం మామూలే. చెట్ల నీడ చాలా తక్కువ, పాలరాయి ఎండను కింద నుండి ముఖం మీదికి కొడుతుంది గనుక టోపీ ఒక్కటే చాలదు. చలువ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ కూడా అవసరం. సెల్సస్ గ్రంథాలయం ముఖభాగం, అంటే 1970లలో పురావస్తు శాస్త్రజ్ఞులు పడిపోయిన రాళ్లను ఏరి తిరిగి నిలబెట్టిన ఆ రెండంతస్తుల కట్టడం, తూర్పుముఖంగా ఉంటుంది. అందువల్ల ఉదయం ఫొటోలు బాగా వస్తాయి, ముందున్న ఆవరణ మాత్రం అప్పుడు ఎండలో మాడుతుంది. గైడు చెప్పే కథను నీడ ఉన్న మూల చూసుకొని అక్కడ నిలబడి వినిపించమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. మనిషికి కనీసం లీటరు నీళ్లు గేటు బయటే కొనుక్కొని లోపలికి వెళ్లాలి. మరుగుదొడ్లు కూడా గేట్ల దగ్గరే ఉన్నాయి. నడుమ దారిలో కనిపించే పాలరాతి మరుగుదొడ్ల వరుస రోమన్ల కాలపు ప్రదర్శన మాత్రమే. తల తిరగడం, చెమట ఆగిపోవడం, మాట తడబడటం వంటివి ఎవరిలోనైనా కనిపిస్తే చూడవలసినవి ఇంకా మిగిలి ఉన్నాయని ఆలోచించకుండా నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు చల్లబరుస్తూ 112కు ఫోన్ చేయాలి. టర్కీలో అన్ని అత్యవసర సేవలకూ అదే నంబరు.

ఒక్క పగటిలో ఎన్ని చూడాలన్నది అభిరుచికి సంబంధించినదే అయినా, ఆలస్యాలకు మూలం ఎక్కువగా ఈ అత్యాశే. ధనికుల ఇళ్ల గోడల చిత్రాలు, నేల మీది మొజాయిక్కులు పైకప్పు కింద భద్రంగా ఉన్న టెర్రస్ ఇళ్లకు ముప్పావు గంట కేటాయించడం సబబు. అక్కడ మెట్లు చాలా ఉంటాయి. ప్రాచీన ప్రపంచ వింతల్లో ఒకటిగా పేరుపొందిన ఆర్టెమిస్ ఆలయం స్థలంలో ఇప్పుడు నిలిచి ఉన్నది ఒక్క స్తంభమే, దానికి పావు గంట చాలు. కొండ మీది మరియమాత ఇల్లు భక్తులకు పవిత్రస్థలం. వెళ్లదలచినవారు దాన్ని రోజు మొదట్లోనే పెట్టుకోవాలి, ఎందుకంటే వంకర్లు తిరిగే ఆ కొండ దారిలో బస్సుల వెనుక చిక్కుకుంటే ముందుకు పోయే వీలుండదు. అక్కడికి గానీ, ఎఫెసస్ పక్కనున్న సెల్చుక్ పట్టణంలోని ఈసా బే మసీదుకు గానీ వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు ఉండాలి. మసీదులో స్త్రీలకు తలపై కప్పుకునే వస్త్రం కావాలి.

శిథిలాల మధ్య తిరిగే పిల్లులు ముద్దుగా ఉంటాయి, పర్యాటకులకు బాగా అలవాటుపడినవి కూడా. అయినా ముట్టుకోకపోవడమే క్షేమం. కరిచినా రక్కినా ఆ చోటును సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, రేబీస్ టీకా గురించి అదే రోజు ఓడ వైద్యుణ్ణి సంప్రదించాలి.

గేటు బయట దుకాణాల్లో "నిజమైన నకిలీ గడియారాలు" అని బోర్డు పెట్టి అమ్మేవారిని చూసి నవ్వుకోవచ్చు, ప్రాచీన నాణేలంటూ అరచేతిలో చూపేవారితో మాత్రం బేరమే ఆడకూడదు. ఆ నాణెం నకిలీదైతే డబ్బు పోతుంది. అసలుదైతే పరిస్థితి ఇంకా చెడ్డది. 1983 నాటి 2863వ నంబరు చట్టం ప్రకారం ప్రాచీన వస్తువులను దేశం దాటించడం జైలుశిక్షకు దారితీసే నేరం. నేల మీద దొరికిన చిన్న పాలరాతి ముక్కకూ ఇది వర్తించవచ్చు. పిల్లలు రాళ్లు ఏరి జేబులో వేసుకోవడం సహజం గనుక, తిరిగి వాహనం ఎక్కేముందు వారి జేబులు చూడాలి.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా ఓడ తప్పిపోతే ఏం చేయాలో ముందే సిద్ధం చేసుకోవాలి. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులు సిబ్బంది దగ్గరే ఉంటాయి. అలాగైతే పాస్‌పోర్టు, వీసాల నకళ్లు కాగితం మీద ఒకటి, ఫోనులో ఒకటి వెంట తీసుకెళ్లాలి. దినచర్య పత్రంలో రేవు ఏజెంటు (రేవులో ఓడ సంస్థ తరఫు ప్రతినిధి) పేరు, ఫోన్ నంబరు అచ్చవుతాయి. ఆ పేజీని ఫొటో తీసుకోవాలి. ఆలస్యం ఖాయమని తెలిసిన క్షణంలోనే, రేవు చేరేదాకా ఆగకుండా, గైడు చేత ఆ ఏజెంటుకు ఫోన్ చేయించాలి. ప్రయాణికుడు రాలేదని తేలినప్పుడు అతని పాస్‌పోర్టును ఏజెంటుకు అప్పగించి వెళ్లే పద్ధతి చాలా ఓడల్లో ఉంది. తరువాతి రేవుకు చేరే ఖర్చు, హోటలు, టికెట్లు అన్నీ ప్రయాణికుడివే గనుక, ఓడ తప్పిపోవడం తన ప్రయాణ బీమాలో ఏ పరిస్థితుల్లో వర్తిస్తుందో ఇంటి దగ్గరే చదువుకోవాలి. ఒక క్రెడిట్ కార్డు, కొంత యూరో నగదు, రెండు రోజులకు సరిపడే మందులు గదిలో వదలకుండా ఒంటి మీది సంచిలోనే ఉంచుకోవాలి.