మూల ఇండో-యూరోపియన్ నుంచి కల్పిత భాష: ధ్వని మార్పులకు వరుస కట్టడం

సంస్కృతం, లాటిన్ వంటి భాషలకు తల్లిగా పండితులు ఊహించి కట్టిన మూల ఇండో-యూరోపియన్ భాషకు ఒక కల్పిత సంతానాన్ని సృష్టించాలనుకునేవారు చాలావరకు మార్పుల పట్టికతోనే పని మొదలుపెడతారు. ప హ అవుతుంది, క చ అవుతుంది, చివరి అచ్చు రాలిపోతుంది అంటూ రాసుకుంటూ పోతారు. పట్టిక రాయడం తేలికే. వాటిలో ఏది ముందు జరిగింది, ఏది తరువాత జరిగింది అని తేల్చుకోవడమే అసలు పని. నా మొదటి భాషలో నలభై మార్పులు రాసి వరుస మాత్రం పెట్టలేదు. ఒకే పదాన్ని రెండుసార్లు లెక్కగడితే రెండు రూపాలు వచ్చాయి.

ముందుగా ఓ యాభై మూలపదాలను ఎంచుకొని తెలుగు లిపిలోనే రాసుకోండి. ఈ పనికి మన లిపి దేవనాగరి కంటే అనువైనది: మూలభాషకు కావలసిన భ, ధ, ఘలతో పాటు హ్రస్వమైన ఎ, ఒలు కూడా ఇందులో ఉన్నాయి. ఋ అచ్చుగా పనిచేసినట్లే మూలభాషలో మ, నలు కూడా కొన్నిచోట్ల అచ్చులుగా పనిచేసేవి. వాటికి కింద చుక్క లాంటి గుర్తేదైనా పెట్టుకుంటే చాలు. ఊహించి కట్టిన రూపాలకు ముందు నక్షత్రం గుర్తు వేయడం భాషాశాస్త్రంలో ఆనవాయితీ.

ఆ తరువాత రెండు నిర్ణయాలు తీసుకోవాలి. మూలభాషలో క మూడు రకాలు: తాలవ్యపు క (నాలుకను అంగిలి ముందు వైపుకు జరిపి పలికేది), మామూలు క, పెదవులు గుండ్రంగా చేసి పలికే క్వ. లాటిన్ మొదటి రెంటినీ కలిపేసి నూరును ‘కెంటుమ్’ అన్నది. సంస్కృతం రెండోదాన్ని, మూడోదాన్ని కలిపి, మొదటిదాన్ని శగా మార్చి ‘శతమ్’ అన్నది. మీ భాష ఏ దారి పడుతుందో ముందే తేల్చుకోండి. రెండోది హ₁, హ₂, హ₃ అని రాసే లారింజియల్ ధ్వనుల, అంటే గొంతులో పుట్టేవిగా భావించే హల్లుల సంగతి. స్విస్ భాషావేత్త సొస్యూర్ 1879 నాటి గ్రంథంలో ఇలాంటి ధ్వనులను కేవలం తర్కంతో ఊహించాడు. 1927లో పోలిష్ భాషావేత్త కురిలోవిచ్ నేటి టర్కీ ప్రాంతపు ప్రాచీన భాష హిట్టైట్‌లో వాటి జాడ చూపించాడు. వీటిలో హ₂ పక్కనున్న ఎను అగా, హ₃ ఒగా రంగు మారుస్తాయి; ఆ తరువాత మూడూ తాము లోపించి, ముందున్న అచ్చును దీర్ఘం చేస్తాయి. *దెహ₃నొమ్ లాటిన్‌లో ‘దోనుమ్’ అయింది, సంస్కృతంలో ‘దానమ్’ అయింది. రంగు మారడం ముందు, లోపించడం తరువాత అన్నది మరవకండి. తలకిందులైతే మీకు వచ్చేది ‘దేనొమ్’.

ఇప్పుడు వరుస ఎంత పని చేస్తుందో చూద్దాం. ప హగా మారడం, క్వ పగా మారడం అనే రెండు మార్పులు తీసుకోండి. ‘అయిదు’ అన్న అర్థంలో *పెంక్వె ఉంది. ప ముందు మారితే ‘హెంక్వె’, ఆ తరువాత ‘హెంపె’ వస్తుంది. పోయిన ప స్థానంలోకి కొత్త ప వచ్చి కూర్చుంటుంది. క్వ ముందు మారితే ఆ కొత్త ప కూడా హ అయిపోయి ‘హెంహె’ మిగులుతుంది, భాషలో పకారమే ఉండదు. నేను మొదటి వరుసనే ఎంచుకుంటాను, ఎందుకంటే నాలుగుకు మూలమైన *క్వెత్వొరెస్ అప్పుడు ‘పెత్వొరెస్’ అవుతుంది, తండ్రికి మూలమైన *ప్‌హ₂తేర్ (హల్లుల మధ్య ఉన్న హ₂ను అగా తీసుకుంటే) ‘హతేర్’ అవుతుంది. రెండూ చెవికి వేర్వేరుగా వినిపిస్తాయి.

ఎ, ఇల ముందు క చగా మారే మార్పును కూడా చేర్చండి. అచ్చుగా పనిచేసే మ ముందే ‘ఎమ్’ అయిపోతే *క్‌మ్‌తొమ్ ‘చెంతొమ్’ అవుతుంది, *దెక్‌మ్ ‘దెచెమ్’ అవుతుంది. తరువాత అయితే ‘కెంతొమ్’, ‘దెకెమ్’. రెండింటిలో ఏదీ తప్పు కాదు, కానీ ఒకదాన్ని ఎంచుకున్నాక నూరుకు ఒక వరుస, పదికి ఇంకో వరుస పాటించకూడదు.

ఇలాంటి వరుస నిజమైన భాషలో ఎలా పనిచేసిందో ‘చకార’ అన్న ఒక్క సంస్కృత పదంలో కనిపిస్తుంది. ధాతువు మొదటి హల్లును ముందు మరోసారి పలికే ఈ ద్విత్వంలో రెండు చోట్లా మూలంలో ఉన్నది క్వ శబ్దమే. మొదటి అక్షరంలో దాని తరువాత ఎ ఉండేది, రెండో అక్షరంలో ఒ ఉండేది. ఎ ముందున్నది చ అయింది, ఒ ముందున్నది క గానే నిలిచింది. ఆ తరువాతే ఎ, ఒలు రెండూ అకార ఆకారాల్లో కలిసిపోయాయి. కలయిక ముందే జరిగి ఉంటే చ పుట్టడానికి కారణమే ఉండేది కాదు. మీ భాషలో కూడా కారణాన్ని చెరిపేసి ఫలితాన్ని మిగిల్చే మార్పు ఒకటైనా ఉంచండి. భాషకు వయసు వచ్చినట్లు కనిపించేది దాని వల్లనే.

నియమాలు పూర్తయ్యాక పదాలను వదిలి క్రియారూపాలను పరీక్షించండి. *అగో, *అగెతి అనే జంటలో గ కూడా ఎ ముందు జ అయితే ‘అగో’, ‘అజెతి’ అని ధాతువు రెండుగా చీలుతుంది. మాట్లాడేవారు దీన్ని ఉంచుకోవచ్చు, లేదా సామ్యం వల్ల, అంటే ఒక రూపాన్ని చూసి ఇంకోదాన్ని మార్చి, ఒకటి చేయవచ్చు. సంస్కృతం ఒకటి చేసింది: ‘పచతి’లో చ న్యాయంగా వచ్చినదే, కానీ ‘పచామి’లో మూలంలో ఓ ఉన్నది కనుక క ఉండవలసింది, ‘పచతి’ని చూసి అదీ మారింది. క్రియాపట్టికకు బయట ఉన్న ‘పాకః’ మాత్రం క ను దాచుకున్నది. మీరు చేసే మినహాయింపులకు ఇలాంటి కారణం ఉండాలి, రుచి నచ్చలేదన్నది కారణం కాదు. తొందరపడి మినహాయించే ముందు ఉదాత్త స్వరాన్ని, అంటే పదంలో ఏ అక్షరాన్ని ఎత్తి పలుకుతారో దాన్ని కూడా చూడండి: ప్రాచీన జర్మానిక్ భాష గోథిక్‌లో ‘ఫదర్’కు ద, ‘బ్రోథర్’కు థ ఎందుకు వచ్చాయన్న చిక్కును 1877లో డెన్మార్క్ భాషావేత్త వెర్నర్ మూలభాష స్వరస్థానంతోనే విప్పాడు.

చివరగా అరువు పదాలు చేర్చండి, వాటికి కూడా వరుసలో చోటు చూపించండి. కన్నడ ‘కివి’, ‘కెరె’లకు తెలుగులో ‘చెవి’, ‘చెఱువు’ ఉన్నాయి. సంస్కృతం నుంచి వచ్చిన ‘కీర్తి’, ‘కేశం’ మాత్రం క తోనే ఉన్నాయి, ఎందుకంటే అవి వచ్చేసరికి ఆ మార్పు కాలం ముగిసిపోయింది. మీ పట్టికలో కూడా క-చ మార్పు కింద గీత గీసి, ఓ పది అరువు పదాలను ఆ గీత కింద, రెండు మూడింటిని పైన పెట్టండి.