పాత ఏటీవీ కార్బ్యురేటర్: లోపం కనిపెట్టడం, శుభ్రం చేయడం

కొన్ని నెలలు మూలన పడి ఉన్న పాత ఏటీవీ (కొండదారుల్లో, మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) గానీ డర్ట్ బైకు గానీ చోక్ వేస్తేనే స్టార్టయి, చోక్ తీయగానే ఆగిపోతుంటే, కార్బ్యురేటర్‌లోని (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగంలోని) పైలట్ జెట్టును, అంటే సన్న రంధ్రమున్న చిన్న ఇత్తడి మరను, ముందుగా అనుమానించాలి. ఐడ్లింగ్‌లోనూ (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజను తిరుగుతున్నప్పుడూ), యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చినప్పుడూ ఇంజనుకు పెట్రోల్ అందించేది ఆ జెట్టే. దాని రంధ్రం సాధారణంగా అర మిల్లీమీటరు కంటే సన్నగా ఉంటుంది కనుక, అడుగు గిన్నెలో నిలిచిపోయిన పెట్రోల్ ఆవిరై బంకలా పేరుకున్నప్పుడు మొదట పూడేది అదే.

అయినా, తప్పు కార్బ్యురేటర్‌దేనని తేల్చుకున్నాకే దాన్ని విప్పాలి. పాత పెట్రోల్ పారబోసి కొత్తది పోయాలి. స్పార్క్ ప్లగ్ మార్చి చూడాలి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటే శుభ్రం చేయాలి. బండి కాసేపు బాగా నడిచి, పెట్రోల్ అందనట్టు ఆగిపోతుంటే ట్యాంకు మూత వదులు చేసి నడపండి. అప్పుడు ఆగకపోతే మూతలోని గాలి రంధ్రమే మూసుకుపోయిందన్నమాట. కార్బ్యురేటర్‌కు వచ్చే పెట్రోల్ పైపు ఊడదీసి సీసాలో పెట్టి ట్యాంకు కింది కాక్ (పెట్రోల్ కుళాయి) తిప్పితే ధార తెగకుండా రావాలి (ఇంజను తిరిగితేనే పెట్రోల్ వదిలే వాక్యూమ్ కాక్ అయితే సెల్ఫ్ కొట్టి చూడాలి). కార్బ్యురేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉండే రబ్బరు మానిఫోల్డ్‌ను వంచి చూసి పగుళ్లు వెతకడం మరవకూడదు. అక్కడ గాలి లీకయితే ఐడ్లింగ్ పెరుగుతూ తగ్గుతూ, అచ్చం జెట్టు పూడిన లక్షణాలే కనిపిస్తాయి.

ఇవన్నీ సరిగా ఉంటే, యాక్సిలరేటర్ ఎంత ఇచ్చినప్పుడు ఇబ్బంది వస్తోందో గమనించండి. మొదటి పావు వంతులోపు తడబడితే లోపం పైలట్ జెట్టు దారిలో ఉంటుంది. సగం దగ్గర తడబడితే నీడిల్‌ను (యాక్సిలరేటర్‌తో పాటు పైకి లేచి పెట్రోల్ దారి తెరిచే సూదిని), పూర్తిగా ఇచ్చినప్పుడు శక్తి చాలకపోతే మెయిన్ జెట్టును, పెట్రోల్ సరఫరాను చూడాలి. ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి పెట్రోల్ కారుతుంటే ఫ్లోట్ వాల్వు (గిన్నెలో తేలే ఫ్లోట్ పైకి లేవగానే పెట్రోల్ రాకను ఆపేది) సరిగా మూసుకోవడం లేదు. ప్లగ్ చివర తెల్లబారి ఉంటే పెట్రోల్ తక్కువగా, నల్లటి పొడి మసి ఉంటే ఎక్కువగా అందుతోందని అర్థం.

ఈ పని ఆరుబయట, ఇంజను చల్లారిన తరువాత, దగ్గరలో మంటా నిప్పురవ్వా లేకుండా చేయాలి. కార్బ్యురేటర్‌ను బండి నుంచి తీయకముందే దాని చుట్టూ పట్టిన మట్టిని కడగాలి. లేకపోతే విప్పిన క్షణంలోనే ఇసుక ఇంజనులోకి పోతుంది. ప్రతి గొట్టం ఎక్కడ తగిలించి ఉందో ఫోటో తీసుకోవాలి. గిన్నె మరలు ఎన్నో ఏళ్లుగా బిగుసుకుని ఉంటాయి. జపాన్ తయారీ కార్బ్యురేటర్లకు మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ సరిగా కూర్చోక మర తల అరిగిపోతుంది కాబట్టి, జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) స్క్రూడ్రైవర్ వాడడం మంచిది.

ఐడ్లింగ్‌లో పెట్రోల్, గాలి పాళ్లను సరిచేసే మిక్స్చర్ స్క్రూను విప్పే ముందు, దాన్ని లోపలికి తిప్పుతూ మెల్లగా ఆనేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోవాలి. గట్టిగా బిగిస్తే దాని మొన, అది కూర్చునే రంధ్రం రెండూ పాడవుతాయి. విప్పేటప్పుడు దాని వెనుక ఉండే స్ప్రింగు, చిన్న వాషరు, ఓరింగు (రబ్బరు రింగు) రాలి పోకుండా చూసుకోండి. ఓరింగు తరచుగా రంధ్రం అడుగునే అతుక్కుని ఉండిపోతుంది.

గిన్నె తెరవగానే అడుగున గోధుమరంగు పొర కనిపిస్తే అది పాత పెట్రోల్ బంక. తెల్లటి పొడి ఉంటే నీరు చేరి లోహం తినివేసిందన్నమాట. ఫ్లోట్, జెట్లు, రబ్బరు భాగాలు అన్నీ తీసేశాకే కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టాలి, ఎందుకంటే ఓరింగులను, డయాఫ్రమ్‌ను (పల్చని రబ్బరు పొరను) ఆ ద్రవం ఉబ్బించి చెడగొడుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి: ఒక రంధ్రంలో కొట్టిన ద్రవం మరో రంధ్రం నుంచి నేరుగా ముఖం మీదికి చిమ్ముతుంది.

చాలామంది జెట్లను మెరిసేలా కడిగి, బాడీలోని దారులను వదిలేస్తారు. బండి మళ్లీ అదే జబ్బుతో తిరిగొచ్చేది అందువల్లనే. పైలట్ జెట్టు కూర్చునే చోట క్లీనర్ గొట్టం ఆనించి కొడితే, థ్రాటిల్ పలక (యాక్సిలరేటర్ ఇస్తే తెరుచుకునేది) దగ్గరున్న సన్నని రంధ్రాల నుంచీ, మిక్స్చర్ స్క్రూ రంధ్రం నుంచీ ద్రవం బయటికి రావాలి. ఏ ఒక్క దాని నుంచి రాకపోయినా ద్రవంలో నానబెట్టి, కంప్రెసర్ గాలి పట్టి, మళ్లీ చూడాలి. ఇక జెట్టును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపల గుండ్రటి చుక్క స్పష్టంగా కనిపించాలి. చుక్క అంచు వంకరగా ఉంటే ఇంకా బంక మిగిలి ఉంది. ఇత్తడి మెత్తటి లోహం కనుక ఉక్కు తీగ, డ్రిల్ బిట్ దూర్చవద్దు. రంధ్రం కొంచెం పెరిగినా జెట్టు కొలత మారిపోతుంది. నైలాన్ పోగు గానీ, వైరులోంచి తీసిన ఒంటి రాగి పోగు గానీ సరిపోతుంది.

ఫ్లోట్ నీడిల్ (ఫ్లోట్ వాల్వులోని సూది) రబ్బరు మొన చుట్టూ గాడి పడి ఉంటే అది మార్చాల్సిందే. డయాఫ్రమ్ ఉన్న రకమైతే దాన్ని వెలుతురుకు అడ్డం పెట్టి చిల్లులు చూడాలి. ఫ్లోట్ ఎత్తును ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ ప్రకారమే పెట్టండి. ఫ్లోట్‌కు ఉండే చిన్న రేకు నాలుక ఈ ఫ్లోట్ నీడిల్‌ను తాకీ తాకనట్టు, నీడిల్ చివరి స్ప్రింగు నొక్కుకోకుండా, కార్బ్యురేటర్‌ను వాల్చి పట్టుకుని కొలవాలి. చదును రోడ్డు మీద తిరిగే బండికి ఈ కొలతలో చిన్న తేడా తెలియకపోవచ్చు గానీ, కొండ ఎక్కే బండికి బాగా తెలుస్తుంది: గిన్నెలో పెట్రోల్ మట్టం తక్కువైతే ఎక్కుడులో అది ఒక పక్కకు ఒరిగి జెట్లకు అందక ఇంజను ఆగుతుంది, ఎక్కువైతే బండి వంగినప్పుడల్లా కారుతుంది.

తిరిగి బిగించాక, స్టార్ట్ చేయకముందే యాక్సిలరేటర్ వదలగానే చప్పున వెనక్కి వస్తోందో లేదో హ్యాండిల్‌ను రెండు వైపులా తిప్పి చూడాలి. కార్బ్యురేటర్ గాలి గొట్టాల చివరలన్నీ కిందికే వేలాడుతుంటే, వాగు దాటేటప్పుడు అవి నీట మునిగి గిన్నెకు గాలి ఆడక ఇంజను ఆగిపోతుంది. అందుకే కనీసం ఒకటి సీటు కిందికి, నీటికి అందనంత ఎత్తుకు పోయేలా అమర్చుకోవాలి.

ఇంజను వేడెక్కాక మిక్స్చర్ స్క్రూను రాసుకున్న చుట్ల దగ్గర మొదలుపెట్టి, ఇంజను నిలకడగా, కాస్త వేగంగా తిరిగే చోటు వరకు కొద్ది కొద్దిగా తిప్పండి. స్క్రూ ఇంజను వైపున ఉంటే అది పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపున ఉంటే గాలి స్క్రూ, బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది. పెట్రోల్ స్క్రూను 3 చుట్లకు పైగా విప్పితే తప్ప ఐడ్లింగ్ కుదరకపోతే పైలట్ దారి ఇంకా పూర్తిగా తెరుచుకోలేదని భావించి మళ్లీ విప్పాలి. బండిని మొదటిసారి నడిపి తెచ్చాక గిన్నె డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోల్‌ను గాజు సీసాలోకి పట్టి చూడండి. ఎర్రటి తుప్పు రేణువులు కనిపిస్తే ట్యాంకు కూడా కడిగి, పైపు మధ్యలో ఫిల్టరు అమర్చాలి.