40 కుర్చీల గదిలో సారంగధరుడు

బెంగళూరులో తెలుగు నాటకం వేయాలని ఉన్నా, పెద్ద హాలు, మైకులు, స్పాన్సరు ఎక్కడ తెస్తామని చాలామంది ఆగిపోతుంటారు. అవేవీ అక్కర్లేదు. ఒక గది, 40 కుర్చీలు, నలుగురు నటులు చాలు. 1947లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో ఉత్సవానికి ఎనిమిది బృందాలు పిలవకుండానే వెళ్లి, దొరికిన చోట నాటకాలు వేశాయి. పెద్ద వేదికల బయట, చిన్న చోట్ల ఆడే ఫ్రింజ్ థియేటర్ అక్కడ మొదలైంది. మనల్నీ ఎవరో పిలవాలని కూర్చోవద్దు.

మొదటి నాటకానికి పాత విషాదాన్నే తీసుకోమంటాను. కథ తెలిసిందే కాబట్టి ఎవరు ఎవరికి ఏమవుతారో వివరించే పని సగం తప్పుతుంది. నా ఓటు ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి 'విషాద సారంగధర'కు. నాటకం మంగళంతోనే ముగియాలన్న ఆనవాయితీని కాదని తెలుగులో విషాదాంతం రాసిన ఆయన బళ్లారి ప్లీడరు. తెలుగు ట్రాజెడీకి పుట్టిల్లు ఇవాళ్టి కర్ణాటకలోనే ఉందంటే, ఇక్కడ బతుకుతున్న మనకు ఆ నాటకం మీద చనువు ఉన్నట్టే కదా. ఆయన 1912లో పోయారు. మన చట్టంలో రచయిత పోయిన 60 ఏళ్లకు కాపీరైటు తీరిపోతుంది కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. ఈ కాలపు రచయితదైతే మాత్రం అనుమతి కాగితం చేతికొచ్చాకే రిహార్సల్ మొదలుపెట్టండి.

తర్వాత కత్తెర పట్టుకోండి. గంటా పది నిమిషాలకు మించొద్దు. ఏం తీసేయాలో తెలియాలంటే ముందు ఈ నాటకం ఎవరిదో తేల్చుకోవాలి. తండ్రి రాజరాజనరేంద్రుడిదా, కొడుకు సారంగధరుడిదా, సవతి తల్లి చిత్రాంగిదా? మా బృందం ఈ నాటకం వేసినప్పుడు మేం చిత్రాంగి వైపు నిలబడ్డాం. కథ కొన్ని రూపాల్లో, కొడుక్కని చూసిన పిల్లను తండ్రే చేసుకుంటాడు. ఆ పిల్లను మనం తరతరాలుగా పాపిష్ఠిది అని తిట్టుకుంటూ వచ్చాం. సారంగధరుడి మీద మనసుపడి, అతను కాదన్నాడని నింద వేసి ఆమె చేసింది తప్పే. కానీ ఆ మేడలోకి ఎలా వచ్చిందో ఒకసారి ఆమె నోటితోనే విందామనిపించింది. నటుడు బళ్లారి రాఘవ (1880–1946) ఆడవేషం ఆడవాళ్లే వేయాలని ఆ రోజుల్లోనే వాదించారు. మనం ఇంకో అడుగు వేసి, కత్తిరించే పని కూడా చిత్రాంగి వేసే అమ్మాయికే ఇద్దాం. మాలో ఆ వేషం వేసిన హిందూపురం అమ్మాయి రాజు డైలాగులు రెండు పేజీలు కొట్టేసి, "అక్కా, ఈయన మాట్లాడకుండా చూస్తూ కూర్చుంటేనే భయమేస్తుంది" అంది. నిజంగానే వేసింది.

పాత కథను ఊరికి తేవడమంటే రాజుకు కోటు తొడగడం కాదు. కథలో ఒక వస్తువును పట్టుకుని, అది ఈ ఊళ్లో ఎక్కడుందో వెతకండి. సారంగధరుడు ఎగరేసిన పావురం చిత్రాంగి మేడ మీద వాలుతుంది, దానికోసం అతను లోపలికి వెళ్తాడు, అక్కడే అంతా మొదలవుతుంది. బెంగళూరులో ఏ అపార్ట్‌మెంటు చూసినా బాల్కనీలకు పావురాల వలలు బిగించి ఉంటాయి. మాకు సెట్టు దొరికిపోయింది. సన్న నైలాన్ వలను రెండు స్టాండ్ల మధ్య బిగుతుగా కట్టి, చిత్రాంగిని దాని వెనక నిలబెట్టాం. నాటకమంతా ఆమె వల అవతలే ఉంటుంది. పావురాన్ని చూపించలేదు. వల ఒక మూల సన్నగా ఊగుతుంది, అంతే. వల నల్లదే కొనండి. తెల్లది లైటుకు మెరిసి ముఖాన్ని మింగేస్తుంది.

రాజు ఆజ్ఞతో సారంగధరుడి కాళ్లూ చేతులూ నరికే ఘట్టంలో ఎర్ర రంగు జోలికి పోవద్దు. చేయి చాస్తే అందే దూరంలో కూర్చున్న మనిషికి అది రంగేనని ఇట్టే తెలిసిపోతుంది. లైట్లు తీసేసి, ప్రేక్షకుల వెనక, తలుపు బయట, చెక్క దిమ్మ మీద కొబ్బరిబోండాం కొట్టించండి. నాలుగు దెబ్బలు. మూడు వెంటవెంటనే పడాలి, నాలుగోది ఆలస్యం కావాలి. ఆ ఆలస్యంలోనే జనం ఊపిరి బిగబడతారు. కత్తి మాత్రం అలవాటున్న చేతికే ఇవ్వండి.

పద్యాలు రెండు ఉంచుకోండి. రాగం సాగదీయకుండా, మాట్లాడే గొంతుతోనే పాడాలి. వన్స్ మోర్ అని ఎంత ప్రేమగా అడిగినా మళ్లీ పాడొద్దు, అల్లుకున్న బిగువు సడలిపోతుంది.

లైట్ల దగ్గర లెక్క తప్పకూడదు. 6 ఆంపియర్ల సాకెట్ మీద 500 వాట్ల హాలోజన్లు రెండు వెలుగుతాయి, మూడోది పెడితే లోడు మించిపోతుంది. ఎల్ఈడీ లైట్లు అద్దెకు తెచ్చుకుంటే ఈ టెన్షనే ఉండదు. సినిమా పాట వాడాలంటే లైసెన్సు కావాలి, కాబట్టి వాడకండి.

సొంతంగా కొత్త నాటకం రాసుకుంటారా? భాషను సరిదిద్దకండి. ఇక్కడ కర్నూలు నుంచి వచ్చిన మేస్త్రీ తెలుగు వేరు, పీజీలో ఉండే గుంటూరు అమ్మాయిది వేరు, తరాలుగా ఈ ఊళ్లోనే ఉండి కన్నడం కలిపి మాట్లాడే రెడ్ల, నాయుళ్ల ఇళ్లలోది వేరు. ఒకే సీన్లో ముగ్గురినీ నీళ్ల ట్యాంకరు ముందు నిలబెట్టండి. ముందు నటుల్ని ఊరికే మాట్లాడనిచ్చి, ఫోన్లో రికార్డు చేసి, దాన్నుంచి రాయండి. డెస్కు దగ్గర కూర్చుని రాసిన డైలాగుకు ఆ యాస రాదు.

రిహార్సల్ పని రోజుల్లో పెట్టుకుంటే సగం మంది సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లోనే ఉంటారు. ఆదివారం పొద్దున్నే ఎవరి టెర్రస్ మీదైనా పెట్టండి. జేపీ నగర్‌లో 2004 నుంచి నడుస్తున్న రంగశంకర నాటకశాలకు వెళ్లి కన్నడ నాటకాలు చూస్తూ ఉండండి. ఆలస్యంగా వస్తే అక్కడ లోపలికి రానివ్వరు. మీరూ ఆ పద్ధతే పెట్టండి, ఎంత దగ్గరి చుట్టమైనా సరే. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితికి వచ్చే పెద్దవాళ్లను ప్రత్యేకంగా పిలవండి. పద్యం తెలిసిన చెవులు గదిలో ఉంటే నటులు జాగ్రత్తగా ఉంటారు.

టికెట్ తప్పకుండా పెట్టండి. ఫ్రీ అంటే వస్తామని పేరు రాయించుకుని రానివాళ్లే ఎక్కువ. షోలు కూడా ఒక్క రోజుతో సరిపెట్టకండి, వరుసగా రెండు వారాంతాలు గది మాట్లాడుకోండి. మొదటి వారం చూసినవాళ్లు ఆఫీసులో చెబితేనే రెండో వారం కుర్చీలు నిండుతాయి.