ఇంజన్ స్టార్ట్ చేసే ముందు ఇంధనం చూశారా?

గన్నవరంలో రాత్రంతా వానలో నిలిపిన సెస్నా 172 లాంటి చిన్న విమానాన్ని పొద్దున్నే ఎగరేసేవాళ్లకు:

– ముందు టాంకు మూతలు. రబ్బరు సీలు పగిలితే వాన నీళ్లు దిగేది అక్కడినుంచే.

– విమానాన్ని కదిలించక ముందే ఇంధనం శాంపిల్ తీయండి. ఇంధనం అప్పుడే పోయించి ఉంటే కాసేపు ఆగండి, నీళ్లు అడుక్కి దిగాలి.

– రెక్కల కిందా, ముక్కు దగ్గరా ఉన్న ప్రతి డ్రెయిన్ (అడుగున ఉన్న ఇంధనం బయటికి తీసే చిన్న వాల్వు) నుంచీ తీయాలి. ఒకటి చూసి మిగతావి వదిలేస్తే చూడనట్టే. శాంపిల్ పట్టిన కప్పును వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. ఇలాంటి చిన్న విమానాలకు వాడే పెట్రోలు, అవ్‌గ్యాస్ 100ఎల్ఎల్, లేత నీలంగా ఉంటుంది, నీళ్లుంటే అడుగున ముత్యంలా విడిగా కనిపిస్తాయి. అసలు చిక్కేంటంటే, కప్పు నిండా నీళ్లే వస్తే ఇంధనాన్నీ నీళ్లనూ వేరుచేసే గీతే ఉండదు, ‘భలే శుభ్రంగా ఉందే’ అనిపిస్తుంది. అందుకే రంగు, వాసన రెండూ చూడాలి.

– జెట్ ఇంధనం కలిసిందని అనుమానమా? తెల్ల కాగితం మీద చుక్క వేయండి. ఆరాక జిడ్డు మరక మిగిలితే ఎగరడం మానుకోండి.

– నీళ్లు కనిపిస్తే రెక్కలు మెల్లగా ఊపి మళ్లీ తీయండి. వస్తూనే ఉంటే మెకానిక్‌ని పిలవాల్సిందే.

– ‘రన్‌అప్ (టేకాఫ్‌కు ముందు నేల మీదే ఇంజన్ వేగం పెంచి చూసే పరీక్ష) బాగానే ఉందిగా’ అనకండి. పైపుల్లో మిగిలిన మంచి ఇంధనంతో ఇంజన్ అంతసేపూ తిరగగలదు, నీళ్లు చేరేది సరిగ్గా టేకాఫ్‌లో కావచ్చు.